నెర్రెల బ్రష్

మా ఆర్టిస్టు చనిపోయిన సంగతి నాకు ఒక ఫ్లెక్సీ చూసి తెలిసింది. అనంతపురంలో ఆయన ఇల్లున్న సందు మొదట్లో, కరెంటు స్తంభానికీ టీ బంకుకీ మధ్య కట్టారు. పైన 'కన్నీటి నివాళి' అని అక్షరాలు, కింద పెద్ద ముఖం. ఆ ముఖాన్ని నేను పోల్చుకోలేదు. కింద పేరు చదివాక గానీ ఆయనే అని తెలియలేదు. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఆయన చెంపలు రెండూ గుంటలు పడి ఉండేవి. ఫ్లెక్సీలో ఒక్క గుంట లేదు. నల్లటి మనిషి గోధుమపిండి రంగుకు వచ్చాడు. తల వెనక ఏదో వెలుగు పెట్టారు. చుట్టూ గులాబీ రెక్కలు రాలుతున్నట్టు చల్లారు. రెక్కలన్నీ ఒకే సైజు, అన్నీ ఒకే పక్కకు వాలి ఉన్నాయి.

బంకు అతన్ని అడిగాను. నిన్న మధ్యాహ్నం గుండె ఆగిందని, ఆటో పిలిచే లోపే పోయాడని చెప్పాడు. ముఖం మీద మచ్చలు ఏమయ్యాయని అడిగాను.

"ఫ్లెక్సీ కదన్నా, నీట్‌గా ఉండాల కదా. గుంటలుంటే సూసేదానికి బాగుండదని తీపిచ్చినారు" అన్నాడు.

మనిషిని మట్టిలో పెట్టకముందే ఆయన ముఖాన్ని రుద్ది తెల్లగా చేశారు. ఆ పని ఎవరు చేసినా ఆయన పక్కకు తిరిగి ఉమ్మేసేవాడు. ఎందుకో చెప్పాలంటే ఆయన పని ఏమిటో ముందు చెప్పాలి.

మా పత్రిక జిల్లా ఆఫీసుకు ఆయన తొంభైల చివర్లో వచ్చాడు. అంతకు ముందు గోడల మీద, బస్సుల మీద, అంగళ్ల బోర్డుల మీద అక్షరాలు రాసేవాడు. పేజీలు కత్తిరించి అంటించే రోజులు పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు, ఫోటోలను అచ్చుకు సరిచేసే మనిషి కావాల్సి వచ్చింది. కుంచె పట్టిన చెయ్యి కదా అని ఈయన్ని కూర్చోబెట్టారు. మౌసు పట్టుకోవడం రావడానికి కొన్నాళ్లు పట్టింది. వచ్చాక ఆ గదిలో ఆయనకు సరిపోయే మనిషి లేడు. వయసుతో పని లేకుండా ఆఫీసులో అందరికీ ఆయన 'ఆర్టిస్టన్న'.

ఆయనకు ప్రతిదీ రోతే. టీ గ్లాసు అంచు మీద వేలిముద్ర కనపడితే వెనక్కి పంపేవాడు. కంప్యూటరు ముందు కూర్చునే ముందు సబ్బు పెట్టి చేతులు కడిగేవాడు. పక్కన ఎవరైనా గుట్కా నములుతూ కూర్చుంటే లేచి వరండాలోకి పోయేవాడు. తన మౌసు మీద ఎవరు చెయ్యి వేసినా వాళ్ల ఎదుటే తుండుగుడ్డతో తుడిచేవాడు. దానికి బాధపడినవాళ్లు ఉన్నారు. అయితే అందులో మనిషికో లెక్క లేదు. పేజీలన్నిటికీ పెద్దయిన డెస్క్ ఇన్‌చార్జి ముట్టుకున్నా తుడిచేవాడు. నచ్చని పనికి ఆయన దగ్గర ఒకటే మాట ఉండేది, 'గలీజు'. ఆ మాట అనేటప్పుడు కుర్చీని జానెడు వెనక్కి జరిపేవాడు. ఆఫీసులో మేం ఆయన మాట వినకుండానే కుర్చీ చప్పుడుతో విషయం తెలుసుకునేవాళ్లం.

ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌తో పాటే కొన్ని బ్రష్‌లు వస్తాయి. గుండ్రటివి, మెత్తటివి, గడ్డిపోచ ఒకటి, ఆకు ఒకటి. ఆ ఆకు వేళ్లు చాచిన అరచెయ్యిలాగా ఉంటుంది. ఏ చలిదేశపు చెట్టుదో. మొదటిసారి దాన్ని తెర మీద చల్లి చూసి ఆయన కుర్చీ జరిపాడు. "ఇది యాడి ఆకప్పా? మన మేకలు దీన్ని మూతి పెట్టి గూడా సూడవు" అన్నాడు. ఆ రోజు నుంచి తన బ్రష్‌లు తానే చేసుకోవడం మొదలుపెట్టాడు.

చేసే పద్ధతి పెద్ద రహస్యం కాదు. తెల్ల కాగితం మీద నల్లటి అచ్చు ఏదైనా ఉంటే దాన్ని స్కాన్ చేసి బ్రష్‌గా మార్చుకోవచ్చు. అచ్చులో నలుపు ఉన్న చోట రంగు పడుతుంది, తెలుపు ఉన్న చోట పడదు, బూడిదరంగు ఉన్న చోట పలచగా పడుతుంది. ఆయన శనక్కాయ పొట్టును స్టాంపు సిరాలో అద్ది కాగితం మీద నొక్కేవాడు. పొట్టు మీద వల లాంటి గీతలుంటాయి కదా, వాటితో ముసలివాళ్ల చర్మం దిద్దేవాడు. గొర్రెబొచ్చును స్కానర్ అద్దం మీద పరిచి, కింద అద్దం మాయకుండా పలచని ప్లాస్టిక్ కాగితం వేసి, దాంతో చెరిగిపోయిన గడ్డాలు మొలిపించేవాడు. కంబళి ముక్క అచ్చుతో మాసిన బట్టలకు నేత తెచ్చేవాడు.

అచ్చు తీసుకోవడం సగం పనేనని చెప్పేవాడు. మిగతా సగం దాన్ని నడిపించడం. అచ్చుకూ అచ్చుకూ మధ్య ఎడం ఎంత ఉండాలి, ప్రతి అచ్చూ కొంచెం తిరిగి పడాలా, సైజు మారాలా, ఎంత చెదరాలి, అన్నీ ముందే పెట్టాలి. పెట్టకపోతే గోడకు వరసగా పిడకలు కొట్టినట్టు ఉంటుంది. "ఒకటే అచ్చు రెండు తూర్లు కనపడితే సూసేటోడు మోసం పట్టేస్తాడు" అనేవాడు. ఒకసారి ఒక సభ ఫోటోలో జనం పలచగా ఉన్నారని మరో ఆఫీసులో ఎవరో తలకాయలు అతికించి పంపారు. ఈయన ఒక్క చూపుతో ఎర్ర తుండు తలకు చుట్టుకున్న మనిషిని వేదిక ముందూ, మైకు స్తంభం దగ్గరా, చివరి వరుసలోనూ చూపించాడు. "ఈయప్ప ఒక్కడే వచ్చినట్టుండాడు సభకు" అన్నాడు. ఆ ఫోటో ముట్టుకోలేదు.

ఇవన్నీ చేసింది ఎక్కువగా పోయినవాళ్ల కోసం. పల్లెల నుంచి ఫోటోలు వచ్చేవి. రేషన్ కార్డు మీంచి పీకినవి, పెట్టె అడుగున చెమ్మకు పొరలు లేచినవి, పెళ్లి గుంపులోంచి కత్తిరించినవి. మిగిలిన చెంపను చూసి పోయిన చెంపను పూడ్చేవాడు. మిగిలినదాన్ని చూసి పోయినదాన్ని పూడ్చవచ్చు గానీ, ఎప్పుడూ లేనిదాన్ని తెచ్చి పెట్టకూడదని ఆయన లెక్క. ఆ లెక్క ఆయన ఒక్కసారి తప్పాడు.

అది కరువు ఏడు. విత్తనం పడిన తర్వాత వాన ముఖం చాటేసింది. కరువు మీద రోజుకో పేజీ వేయాలని డెస్క్ నిర్ణయించింది. పేజీ నెత్తిన పగిలిన నేలలాంటి పట్టీ ఒకటి కావాలన్నారు. ఆయన టౌనులో పుట్టినవాడు, గోడల మధ్య పెరిగినవాడు. పగిలిన నేల కోసం ఎక్కడెక్కడో తిరగలేదు. ఆఫీసు వెనక్కి పోయాడు.

మా ఆఫీసు వెనక ఒక మురికి కాలువ ఉండేది. అచ్చు యంత్రాలు కడిగిన సిరానీళ్లు, కక్కసు నీళ్లు అందులోకే పోయేవి. ఎండలకు అది సగం ఎండి, ఒండ్రు పలకలు పలకలుగా విచ్చుకుని ఉంది. మా ఆర్టిస్టు తుండు ముక్కుకు కట్టుకుని, పైనుంచి ఒంగి ఫోటో తీసుకున్నాడు. లోపలికి వచ్చి మోచేతుల దాకా కడుక్కున్నాడు. తర్వాత ఫోటోలో రంగులు తీసేసి, పలకలన్నిటినీ తెల్లగా చేసి, మధ్య సందులను మాత్రం నల్లగా ఉంచాడు. దాన్ని బ్రష్ చేశాడు. గీత మొదట సన్నగా మొదలై, వెడల్పయి, చీలి, మళ్లీ సన్నగా పోయేలా పెట్టాడు. గీసిన ప్రతిసారీ కొంచెం తిరిగి పడేది. ఏ రెండు నెర్రెలూ ఒకలా ఉండేవి కావు. నేను చూసిన ఆయన బ్రష్‌లన్నిటిలోకీ అది గొప్పది. ఆ సాయంత్రం కుర్చీ చప్పుడు వినపడలేదు.

పట్టీ బాగుంది. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది.

అదే వారం నేను ముదిగుబ్బ వైపు ఒక పల్లెకు పోయి వేరుశనగ పంట మీద వార్త రాసుకొచ్చాను. మధ్యలో పడిన ఒక జల్లుకు చేలు పైకి పచ్చగానే ఉన్నాయి. అసలు నష్టం కింద ఉంది. వేరుశనగ చెట్టు పూత పూశాక ఊడలు దిగి నేలలోకి పోవాలి, అక్కడ కాయ కట్టాలి. ఊడలు దిగే అదునులో నేల గట్టిపడిపోయింది. ఏ చెట్టు పీకినా ఊడలు గాలిలోనే ఉన్నాయి, కాయ లేదు. ఈ సంగతే రాశాను. మా ఫోటోగ్రాఫరు, ఓబులేసు అనే రైతును ఆయన చేనిలోనే చెప్పుల్లేకుండా నిలబెట్టి ఫోటో తీశాడు.

డెస్క్ ఇన్‌చార్జికి ఆ ఫోటో నచ్చలేదు. ఇందులో కరువు ఎక్కడుంది, చదివేవాడు నవ్వుతాడు, పట్టీలో నెర్రెలు ఉన్నాయి కదా అవే కాళ్ల కింద వెయ్యి అన్నాడట. నేను మరునాడు పేపరులో చూశాను. ఓబులేసు కాళ్ల చుట్టూ చెట్లు లేవు. ఆయన నిలబడిన నేల చివరిదాకా విచ్చుకుని ఉంది. వెనక మిగిలిన పచ్చదనాన్ని కూడా మాడిన రంగుకు దించారు.

మా నేల తెలియనివాళ్ల కోసం ఒక సంగతి చెప్పాలి. ముదిగుబ్బ వైపు ఎర్రనేల, గరుసు ఎక్కువ. ఎంత ఎండినా నెర్రెలు బాయదు. పొడి అవుతుంది, గాలికి లేస్తుంది, రాళ్లు పైకి తేలతాయి. నెర్రెలు బాసేది నల్లరేగడి, చెరువు ఒండ్రు, మురికి కాలువ. ఆర్టిస్టుకు ఇది తెలియదు. డెస్క్‌లో కూర్చున్నవాళ్లంతా పల్లెల నుంచి వచ్చినవాళ్లే, వాళ్లకు తెలుసు. తెలిసీ ఎవరూ నోరు విప్పలేదు, పేజీ బాగుంది కాబట్టి. ఆ పొద్దంతా ఫోన్లు వచ్చాయి. గుండె కలుక్కుమందని ఒకరు, కన్నీళ్లు ఆగలేదని ఒకరు. ఒక నాయకుడు ఆ పేపరు పట్టుకుని ఫోటో తీయించుకుని, ఆ ఫోటో కూడా వేయమని మాకే పంపాడు. కరువును చూసి ఇంత సంతోషపడిన మనుషుల్ని నేను అంతకు ముందు చూడలేదు.

ఆ తర్వాత పంట నష్టం చూసే బృందం ఆ పల్లెకు పోయింది. జీపు దిగిన అధికారి చేతిలో మా పేపరు ఉంది. ఫోటోనూ నేలనూ మార్చి మార్చి చూశాడట. చేలు పచ్చగా ఉన్నాయి, నెర్రె ఒక్కటి లేదు. ఒక్క చెట్టు పీకి చూడలేదు. దొంగ ఫోటోలు తీయించుకుని పేపర్లో వేయించుకుంటున్నారని అందరి ముందూ అని జీపు ఎక్కాడు. నష్టపోయిన ఊళ్ల జాబితాలో ఆ పల్లె పేరు ఉండదని అర్థమైంది. జాబితాలో ఉంటేనే మరుసటి ఏటికి విత్తనం ఇస్తారు. ఇంట్లో ఉన్న గింజంతా ఆ ఏడు నేలపాలైంది. విత్తనం లేకపోతే ఊరు మూటలు కట్టుకుని కూలికి పోవాల్సిందే.

ఓబులేసు మా ఆఫీసుకు వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. చంకలో గోనెసంచి ఉంది. ఫోటోలు చేసేది ఎవరని అడిగి నేరుగా ఆర్టిస్టు దగ్గరకు పోయాడు. పేపరు పరిచి వేలు పెట్టాడు.

"ఈ కాళ్లు నావి. ఈ నేల నాది కాదు. యాడిదప్పా ఇది?"

డెస్క్ ఇన్‌చార్జి మధ్యలోకి వచ్చాడు. నీ మంచికే వేశామని, నీ ఫోటో చూసి ఎంతమంది కదిలిపోయారో తెలుసా అని మొదలుపెట్టాడు. ఓబులేసు ఆయన వైపు తిరగలేదు.

"ఊర్లో నా మొగం మింద ఉమ్మేస్తాండారు. నీ ఫోటోతో ఊరు పాయరా అంటాండారు. నేనేం జేసినా? నిలబడమంటే నిలబడినా."

సంచిలోంచి ఒక వేరుశనగ చెట్టు తీసి టేబుల్ మీద పెట్టాడు. ఆకు పచ్చగా ఉంది. ఆకు కింద ఊడలు సూదుల్లాగా వేలాడుతున్నాయి. కాయ లేదు. వేరుకు అంటిన ఎర్రమట్టి కీబోర్డు మీద రాలింది. మా ఆర్టిస్టు దాన్ని తుడవలేదు. కాసేపు ఆ ఊడలను పట్టుకు చూశాడు. తర్వాత లేచి, "రాన్నా, సూపిస్తా" అని ఓబులేసును వెనక్కి తీసుకుపోయాడు. నేనూ వెంట పోయాను.

కాలువ గట్టున ఆగి చెయ్యి చాపాడు.

"ఇదేన్నా. ఇదే నీ కాళ్ల కింద పెట్టినా."

ఓబులేసు తుండు కొసతో ముక్కు మూసుకున్నాడు. ఆ పలకలను, వాటి మధ్య నల్లటి సందులను చూశాడు. చేతిలో పేపరు ఉంది, దాన్నీ చూశాడు.

"మీ కక్కసు నీళ్లలో నిలబెట్టినారా నన్ను" అన్నాడు.

అరవలేదు. అరిచి ఉంటే వినేవాళ్లకు కొంత తేలికయ్యేది. మా ఆర్టిస్టు తల దించుకుని, "గలీజు పని జేసినా" అన్నాడు. ఆ మాట తన పనికి వాడుకోవడం నేను అప్పుడే విన్నాను.

లోపలికి వచ్చి మా ఆర్టిస్టు, ఓబులేసును తీసిన అసలు ఫోటోను, నెర్రెల బ్రష్‌ను ఒక సీడీలోకి ఎక్కించుకున్నాడు. ఎక్కడికని డెస్క్ ఇన్‌చార్జి అడిగాడు. ఆ అధికారి దగ్గరకు పోయి ఇది నేను చేసిన పని అని చెప్తానన్నాడు. పేపరు పరువు బజారుకు ఈడుస్తావా, ఈ గడప దాటితే మళ్లీ ఈ కుర్చీ ఉండదు అన్నాడు ఇన్‌చార్జి.

"ఉన్నా కూసోలేనులే అన్నా. కంపు కొడతాంది" అని బయటికి నడిచాడు. ఓబులేసూ నేనూ వెంట పోయాం.

అధికారి గదిలో కంప్యూటరు ఉంది, అదే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. ఓబులేసును గోడ పక్కన నిలబెట్టారు. మా ఆర్టిస్టు ముందు అసలు ఫోటో తెరిచి చూపించాడు, పచ్చటి చేనిలో ఓబులేసు. తర్వాత బ్రష్ తీసుకుని కాళ్ల దగ్గర ఒక్కసారి లాగాడు. నేల విచ్చుకుంది. ఇంకోసారి లాగాడు. అధికారి కుర్చీలోంచి లేచి దగ్గరికి వచ్చాడు. ఆ బృందం ఊరికి పోయినప్పటి ఫోటో ఒకటి అదే కంప్యూటర్‌లో ఉంటే, మా ఆర్టిస్టు దాన్నీ తెరిచి, అధికారి బూట్ల కింద కూడా నెర్రెలు లాగాడు.

"ఇది రైతు పని కాదు సార్. నా పని. ఆయప్పకు, ఊరికి దీంతో ఏం సంబంధం లేదు" అన్నాడు.

అధికారి ముఖం వెలిగిపోయింది. ముగ్గురికీ టీ చెప్పాడు. ఎంత బాగుందయ్యా అంటూ తన బూట్ల కింద నేలను మళ్లీ మళ్లీ చూసుకున్నాడు. రైతు సంగతి అడుగుతాడని నేను ఎదురు చూస్తున్నాను. ఆయన అడిగింది వేరు.

"మొక్కల బ్రష్ కూడా చేయగలవా? గుట్ట మీద మొక్కలు నాటించాం. ఫోటో పైకి పంపాలి. అవి కాస్తా ఎండిపోయాయి."

నేను ఎన్నో ఆఫీసుల్లో ఎన్నో మాటలు విన్నాను. లంచం మాటలు విన్నాను, శవాల దగ్గర బేరాలు విన్నాను. ఇంత రోత ఎప్పుడూ పుట్టలేదు. తను చేసిన తప్పు ఒప్పుకోవడానికి వచ్చిన మనిషి చేతిలో ఆ అధికారికి పనిముట్టు మాత్రమే కనపడింది. గోడ పక్కన ఓబులేసు నిలబడే ఉన్నాడు.

మా ఆర్టిస్టు కుర్చీ జానెడు వెనక్కి జరిగింది. ఉమ్మేస్తాడనుకున్నాను. టీ వచ్చింది, ముట్టుకోలేదు.

"చేస్తా సార్" అన్నాడు. "ముందు మీరు ఆ ఊరికి ఇంకో తూరి పోవాల. పోయి మీ చేత్తో చెట్లు పీకి సూడాల. మొక్కల సంగతి ఆ తర్వాత."

అధికారి సరేనన్నాడు. బయటికి వచ్చాక ఓబులేసు, నిజంగా వాళ్లకు మొక్కలు చేసి పెడతావా అని నిలదీశాడు. "ముందర నీ ఊరికి జీపు రానీ" అని మా ఆర్టిస్టు పంపు దగ్గరకు పోయి చేతులు కడుక్కున్నాడు. సబ్బు లేకపోతే మట్టితో రుద్దుకున్నాడు.

జీపు వచ్చింది. ఆర్టిస్టూ నేనూ బస్సులో పోయాం. ఊరి జనం చేని గట్టు మీద చేరారు గానీ ఓబులేసు పక్కన ఎవరూ నిలబడలేదు. పక్క చేని ఆసామి మమ్మల్ని చూసి, "ఈ తూరి ఏ ఊరి నేల తెచ్చినారప్పా పేపరోళ్లు?" అన్నాడు. కొందరు నవ్వారు. మా ఆర్టిస్టు నిలబడి అనిపించుకున్నాడు.

ఓబులేసు అధికారిని చేని మధ్యకు తీసుకుపోయి, పీకండి సార్ అన్నాడు. ఆయన చుట్టూ చూసి, ప్యాంటు పైకి లాక్కుని ఒంగి ఒక చెట్టు పీకాడు. కాయ లేదు. దూరంగా పోయి ఇంకొకటి పీకాడు. లేదు. వెంట వచ్చినవాళ్లను కూడా పీకమన్నాడు. పచ్చటి చెట్లు ఊడలు వేలాడేసుకుని గట్టు మీద కుప్ప పడుతున్నాయి. ఇందాక ఎత్తిపొడిచిన పక్క చేని ఆసామి తనంతట తానే తన చేనిలోకి దిగి రెండు చేతులా పీకి తెచ్చి అధికారి కాళ్ల ముందు వేశాడు. వేసి, ఓబులేసు పక్కకు పోయి నిలబడి బీడీ ఇచ్చాడు. అగ్గిపుల్ల కూడా తానే గీశాడు.

జాబితాలో ఆ పల్లె పేరు వచ్చింది. అధికారి మొక్కల బ్రష్ కోసం మనిషిని పంపాడు, తర్వాత తానే ఫోన్ చేశాడు. మా ఆర్టిస్టు చెప్పిన జవాబు ఆ ఫోను ఉన్న టీ బంకులో అందరూ విన్నారు. "నా దగ్గర గూడా ఎండిపాయినాయి సార్."

కుర్చీ సంగతి డెస్క్ ఇన్‌చార్జి చెప్పినట్టే అయింది. మా ఆర్టిస్టు తన వీధిలోనే చిన్న అంగడి పెట్టుకున్నాడు. పెళ్లిపత్రికలు, నంబర్ ప్లేట్లు, పోయినవాళ్ల ఫోటోలు. ఫ్లెక్సీలు వచ్చాక ఊరంతా వాటి వెంట పడింది. ఈయన దగ్గరకు వచ్చేవాళ్లూ రంగు తెల్లగా చేయమని, మచ్చలు తీయమని అడిగేవాళ్లు. "మచ్చ తీసేస్తే మీ నాయన కాడు, ఇంగెవరి నాయనో అయితాడు" అనేవాడు. సగం మంది లేచి పక్క అంగడికి పోయేవాళ్లు. పోనీలే అనేవాడు.

ఆఫీసు కంప్యూటర్‌లోంచి నెర్రెల బ్రష్‌ను తీసేసే పోయాడు. కానీ అప్పటికే ఎవరో కాపీ చేసుకున్నారు, వాళ్ల దగ్గర ఇంకెవరో. కొన్నేళ్ల పాటు ఆ నెర్రెలు కనపడుతూనే ఉన్నాయి. గోడ పోస్టర్ల మీద, సభల ఫ్లెక్సీల మీద, కరువు పుస్తకాల అట్టల మీద. ఒకచోట సన్నగా మొదలై చీలే గీత ఒకటుంది, దాన్నిబట్టి పోల్చేవాడు. టీ తాగుతూ తలెత్తి చూసి, "మన కక్కసు కాలువ" అని గ్లాసు కింద పెట్టేసేవాడు. రైతుల పేరు చెప్పుకుని చేతులు జోడించిన నాయకుల కాళ్ల కింద కూడా అదే కాలువ. ఇప్పటికీ కరువు వార్త పక్కన పగిలిన నేల కనపడితే నాకు ముందు ముక్కు మూసుకోబుద్ధవుతుంది.

ఆయన్ని మట్టిలో పెట్టిన మరునాడు ఓబులేసుకు చెప్పడానికి ఆ పల్లెకు పోయాను. ఫోన్‌లో చెప్పే మాట కాదనిపించింది. ఆయన విని లేచాడు. లోపలికి పోయి గోడకున్న ఒక ఫోటో తీసుకొచ్చి నా చేతిలో పెట్టాడు. అధికారుల జీపు వెళ్లిపోయాక మా ఆర్టిస్టు తీసి, తర్వాత పటం కట్టించి ఇచ్చిన ఫోటో అట. ఒక్క చుక్క కూడా దిద్దలేదని ఇచ్చేటప్పుడు చెప్పాడట. అచ్చుకు పనికిరాదని మా పత్రికతో సహా ఎవరూ వేసుకోలేదు.

పటం అద్దం మీద దుమ్ము ఉంటే ఓబులేసు తన తుండుతో తుడిచాడు. కొత్తవాళ్లు దీన్ని చూసి, మంచి పంట పండిన ఏడు తీయించుకున్నారా అని అడుగుతారని ఆయన కోడలు చెప్పింది. అలా అడగడంలో తప్పు లేదు. కంటికి ఆనినంత దూరం పచ్చగా చేను. పీకిన చెట్ల కుప్ప మీద ఊరి గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ మేస్తున్నాయి. వాటిని అదిలించడానికి చెయ్యెత్తిన ఓబులేసు, పక్క చేని ఆసామి ఏదో అంటే, అదిలించడం మానేసి పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నాడు.